బీటెక్‌లో హెచ్‌సీఐ సబ్జెక్టును మన ఊళ్లో ఎలా చదవాలి?

హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, క్లుప్తంగా హెచ్‌సీఐ. మనుషులు యాప్‌లను, మిషన్లను ఎలా వాడతారో గమనించి, వాటిని వాడటానికి తేలికగా తయారుచేయడం నేర్పే సబ్జెక్టు ఇది. ఎలక్టివ్‌ల జాబితాలో ఈ పేరు కనపడగానే చాలామంది "కోడింగ్ తక్కువ, థియరీ ఎక్కువ, పాసవడం ఈజీ" అనుకుని టిక్కు పెడతారు. నల్లగొండలో చదివేటప్పుడు నేను కూడా అలాగే తీసుకున్నాను. పరీక్ష ముందు రాత్రి నోట్సు బట్టీపట్టి గట్టెక్కాను. ఈ సబ్జెక్టు అసలు ఏంటో తెలిసింది మాత్రం ఫైనలియర్ ప్రాజెక్టు అప్పుడు, వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఒక రైతు చేతికి మా ఫోన్ ఇచ్చిన రోజున. ఆ సంగతి కింద చెబుతాను.

హెచ్‌సీఐ బాగా రావాలంటే హైదరాబాద్‌లో కోచింగ్ అక్కర్లేదు, ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు. నోరు మూసుకుని మనుషులను చూడటం రావాలి. అది అనుకున్నంత సులువు కాదు, అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. మొదటి వారం కోడ్ ముట్టకండి, చూడండి

రెండు గడులు గీసిన నోటుబుక్కు ఒకటి తీసుకోండి. ఎడమవైపు కళ్లతో చూసింది మాత్రమే రాయాలి. కుడివైపు దాని గురించి మీరు అనుకున్నది. "ఆమెకు యాప్ అర్థం కాలేదు" అన్నది కుడివైపు మాట. "ఒకే బటన్ మూడుసార్లు నొక్కి, ఫోన్ పక్కామెకు ఇచ్చింది" అన్నది ఎడమవైపు మాట. ఈ రెండూ కలిపి రాసే అలవాటు పోవడానికే వారం పడుతుంది.

ఎక్కడ చూడాలి? దేవరకొండ వెళ్లే పల్లెవెలుగు బస్సెక్కండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక కండక్టర్ ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి. బస్సు కిక్కిరిసి ఉంటుంది, నడుం సీటుకు ఆనించి, ఒక చేత్తో కార్డు, ఇంకో చేత్తో మిషన్. ఏ బటన్‌ను చూడకుండానే నొక్కుతున్నారు, ఏ బటన్ కోసం తల దించుతున్నారు, ఎక్కడ తప్పు టికెట్ వచ్చింది, రాసుకోండి.

ఆ తర్వాత ఒక కిరాణం షాపు. సాయంత్రం ఆరింటికి షాపాయన చేతికి పిండి అంటుకుని ఉంటుంది, కన్ను తరాజు మీద ఉంటుంది. అప్పుడు పక్కనున్న చిన్న డబ్బా "నలభై రూపాయలు అందాయి" అంటుంది. ఆయన తల తిప్పకుండానే కవరు కస్టమర్ చేతిలో పెడతాడు. ఫీడ్‌బ్యాక్ అని పుస్తకంలో అర పేజీ ఉండే మాట ఇదే. స్క్రీన్ చూసే తీరిక లేని మనిషికి సమాధానం చెవి దగ్గరకు రావాలని ఎవరో గమనించారు. మీరు చేయాల్సిన పని కూడా అలాంటి గమనింపే.

2. సూత్రాలను చరిత్రతో కలిపి చదవండి

డిసెంబర్ 9 అంటే తెలంగాణలో మనందరికీ 2009 నాటి ప్రకటన గుర్తొస్తుంది. హెచ్‌సీఐలో కూడా ఆ తేదీకి పెద్ద పేరుంది. 1968 డిసెంబర్ 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికన్ ఇంజనీరు శాన్‌ఫ్రాన్సిస్కోలో గంటన్నర సేపు ఒక ప్రదర్శన ఇచ్చి మౌస్, హైపర్‌టెక్స్ట్ (లింకులు నొక్కి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లే రాత), వీడియో కాన్ఫరెన్సింగ్ అన్నీ ఒకే వేదిక మీద చూపించాడు. యూట్యూబ్‌లో ఆ వీడియో ఉంది, తప్పకుండా చూడండి.

సిలబస్‌లో ఉండే సూత్రాల్లో మూడింటిని బాగా పట్టుకోండి. మొదటిది 1954లో పాల్ ఫిట్స్ చెప్పింది: గురి దూరమయ్యేకొద్దీ చేరడానికి సమయం పెరుగుతుంది, గురి పెద్దదయ్యేకొద్దీ తగ్గుతుంది. ఆండ్రాయిడ్‌లో బటన్ కనీసం 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ చెప్పడం వెనక ఉన్న ఆలోచన ఇదే. రెండోది స్పందన సమయం. 0.1 సెకనులోపు జవాబొస్తే మనిషికి వెంటనే అయినట్టుంటుంది. 1 సెకను దాటితే ఆగినట్టు తెలుస్తుంది, 10 సెకన్లు దాటితే ధ్యాస వేరే వైపు పోతుంది. సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లలో ఈ అంకెలకు విలువ ఎక్కువ. గుండ్రంగా తిరిగే చక్రం చూసి పనైందో లేదో తెలియక జనం మళ్లీ మళ్లీ నొక్కుతారు.

మూడోది నాకు చాలా ఇష్టం, కీస్ట్రోక్ లెవెల్ మోడల్. ఒక పనికి ఎన్ని సెకన్లు పడుతుందో ముందే అంచనా వేసే లెక్క ఇది. స్టువర్ట్ కార్డ్, థామస్ మోరాన్, ఆలెన్ న్యూవెల్ 1980లో ప్రచురించారు. ఒక కీ నొక్కడానికి మామూలు టైపిస్టుకు 0.28 సెకన్లు, మౌస్‌తో గురి చూడటానికి 1.1, చెయ్యి మౌస్ నుంచి కీబోర్డుకు మారడానికి 0.4, మనసులో సిద్ధపడటానికి 1.35. క్లిక్‌కు 0.2 వేసుకోండి. ఇప్పుడు లెక్క కట్టండి. దరఖాస్తులు నింపే సెంటర్‌లో పుట్టినతేదీ కోసం తేదీ, నెల, సంవత్సరం అని మూడు డ్రాప్‌డౌన్‌లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి 1.35, రెండు గురులు, రెండు క్లిక్‌లు కలిపి 3.95 సెకన్లు. మూడింటికి 11.85. చెయ్యి మౌస్ మీదకు వెళ్లి రావడానికి 0.8 కలిపితే 12.65. అదే ఎనిమిది అంకెలు టైప్ చేస్తే 1.35కు 2.24 కలిపి 3.59. తేడా సుమారు 9 సెకన్లు. ఆపరేటర్ రోజుకు వంద దరఖాస్తులు చేస్తే పావుగంట. బయట లైన్లో నిలబడ్డవాళ్ల పావుగంట అది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఇలాంటి ఉదాహరణతో రాయండి, దిద్దేవారికి మీకు అర్థమైందని తెలుస్తుంది.

3. ముందు కాగితం మీద గీయండి

స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా మంచిదే, విద్యార్థులకు ఉచితం కూడా. కానీ మొదటిరోజే దాంట్లో దిగితే రంగులు, నీడలు సర్దుకుంటూ రాత్రంతా గడుస్తుంది. తెల్ల కాగితాన్ని ఫోన్ సైజులో ముక్కలు కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కో స్క్రీన్ పెన్సిల్‌తో గీయండి. ఎదుటివాళ్లు వేలు పెట్టినచోటల్లా మీరు తర్వాతి కాగితం పెడుతూ పోవాలి. కాగితం మీద గీసింది చూసి జనం మొహమాటపడకుండా తప్పులు చెబుతారు. తళతళలాడే స్క్రీన్ చూపిస్తే "మంచిగుంది బిడ్డా" అని ఊరుకుంటారు.

4. తెలుగును చివర్లో అతికించకండి

ఇంగ్లిష్‌లో స్క్రీన్లన్నీ తయారుచేసి, చివరి రాత్రి ట్రాన్స్‌లేట్ కొట్టడం మనవాళ్లలో ఎక్కువగా కనపడే తప్పు. మేమూ చేశాం. ఈ అడుగు మీద మీరు మిగతావాటికన్నా రెండింతల సమయం పెట్టాలని నా అభిప్రాయం.

"లక్ష్మి" అన్న పేరే తీసుకోండి. కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్ అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు కోడ్‌లు. ఆ కోడ్‌లను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు, అంటే మొత్తం 21. పేరు గడికి 20 బైట్ల హద్దు పెట్టారంటే జిల్లాలో ఉన్న లక్ష్ములందరి పేర్లూ తెగిపోతాయి. ఇక లైన్ల మధ్య ఎడం. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా ఎడం తగ్గిస్తే "క్ష్మి"లో కింది వత్తు బటన్ అంచు దగ్గర తెగి కనపడుతుంది, లేదంటే కింది లైన్‌లోని గుడికి తగులుతుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఎడం పెట్టి చూడండి. రంగుల సంగతి: అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి, పెద్ద అక్షరాలకైతే 3:1. దాన్ని ల్యాబ్‌లో ఫ్యాను కింద కూర్చుని తేల్చకండి. మే నెల మధ్యాహ్నం మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర నిలబడి ఫోన్ తెరిచి చూస్తే లేత బూడిదరంగు అక్షరాలు ఏమవుతాయో మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టం మాటలు. "సమర్పించు" అని ఎవరూ మాట్లాడరు. "ఓటీపీ"ని మాత్రం అందరూ ఓటీపీ అనే అంటారు, దానికి కొత్త తెలుగు పేరు పెడితే పరేషాన్ అవుతారు. ఒక్కో బటన్ పేరునూ ఇంట్లో అమ్మకు చదివి వినిపించి "ఇది నొక్కితే ఏమైతది?" అని అడగండి. ఆమె చెప్పిన మాటే చాలాసార్లు ఆ బటన్‌కు సరైన పేరు.

5. మనుషుల చేతికి ఇచ్చి, మీరు మాట్లాడకండి

ఎంతమంది కావాలి? ఒక్కో యూజర్ సగటున 31 శాతం సమస్యలు బయటపెడతారన్న అంచనా మీద, ఐదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ లెక్క చెప్పాడు. రైతులు, ఆపరేటర్లు ఇలా వేర్వేరు రకాల వాళ్లుంటే ఒక్కో రకానికి ముగ్గురు నలుగురిని చూడండి. క్లాస్‌మేట్లను లెక్కలో వేయకండి. ముందుగా అనుమతి అడగండి, "ఇది మీకు పరీక్ష కాదు, మా యాప్‌కు పరీక్ష" అని తెలిసేలా చెప్పండి, వీడియోలో మొహం వద్దంటే చేతులు మాత్రమే తీయండి, అదీ వద్దంటే మానేయండి.

పని చెప్పేటప్పుడు బటన్ పేరు మీ నోట రాకూడదు. "రిజిస్టర్ నొక్కండి" అంటే సమాధానం చెప్పేసినట్టే. "మీ వడ్లు అమ్ముకోవడానికి పేరు రాయించుకోవాలి, ఎట్లా చేస్తారో చూపించండి" అనాలి. ఆ తర్వాత మౌనం.

మా ప్రాజెక్టు వడ్ల కొనుగోలు కేంద్రంలో వరుస నంబరు ముందే తీసుకునే యాప్. మొదటి రైతు అరవై దాటిన మనిషి. పొద్దున్నుంచి వడ్లు ఎత్తిన చేతులు, బొటనవేలు పగిలి ఉంది, రెండుసార్లు తాకితే గానీ స్క్రీన్ ఒప్పుకోలేదు. "పరిమాణం, క్వింటాళ్లలో" అన్నచోట 60 అని కొట్టాడు. ఆయన దగ్గరున్నవి అరవై సంచులు. సంచికి 40 కిలోలు, అంటే 24 క్వింటాళ్లు. కేంద్రంలో అందరూ సంచుల్లోనే మాట్లాడుకుంటారు, మేం మాత్రం పుస్తకంలోని కొలత పెట్టాం. తర్వాత రెండు బటన్లు: "సమర్పించు", "రద్దు చేయి". వేలు గాల్లోనే ఆగిపోయింది. "బిడ్డా, ఇది ఒత్తితే నా పేరు పోదు గదా?" అన్నాడు. నేను వెంటనే "అది కాదు పెద్దనాన్నా, పక్కది నొక్కు" అన్నాను. నొక్కాడు. రిపోర్టులో మేం "విజయవంతం" అని రాసుకున్నాం.

రాత్రి వీడియో చూస్తుంటే గుండె జారింది. ఆ పని చేసింది ఆయన కాదు, నేను. అనుకున్న పని జరగాలంటే ఏది నొక్కాలో మనిషికి తెలియని స్థితికి డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ "గల్ఫ్ ఆఫ్ ఎగ్జిక్యూషన్" అని పేరు పెట్టాడు. ఆ మాట నేను పరీక్షలో రెండు మార్కులకు రాశాను. గాల్లో ఆగిన ఆ వేలు చూసేదాకా దాని అర్థం నాకు అందలేదు.

కాబట్టి మీరు ఇద్దరు ఉండాలి. ఒకరు పని చెప్పాలి, ఇంకొకరు రాసుకోవాలి. యూజర్ ఏదైనా అడిగితే "మీకేమనిపిస్తోంది?" అని మాత్రమే తిరిగి అడగండి. అరనిమిషం మౌనం చాలా పొడుగ్గా ఉంటుంది, భరించండి.

6. కొలవండి

యాప్ వాడటం ఎంత తేలికో కొలిచేందుకు జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ ప్రాజెక్టుకు సరిపోతుంది. పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. బేసి వాక్యాలకు వచ్చిన మార్కులోంచి 1 తీసేయండి, సరి వాక్యాలకు 5లోంచి వచ్చిన మార్కు తీసేయండి, అన్నీ కూడి 2.5తో గుణించండి. వచ్చేది 0 నుంచి 100 మధ్య ఉంటుంది, కానీ అది శాతం కాదు. 68ని సగటుగా తీసుకుంటారు. చదవడం రానివారికి వాక్యం చదివి వినిపించి, ముందు ఐదు పల్లీలు పెట్టి "దీనికి ఎన్ని ఇస్తారు?" అని అడిగితే చక్కగా చెబుతారు. సరి వాక్యాలు వ్యతిరేకంగా ఉంటాయి కాబట్టి వాటిని నెమ్మదిగా, రెండుసార్లు చదవండి.

పరీక్షలకు ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వాటితో పాటు పాత ప్రశ్నపత్రాలు చాలు. ఉద్యోగానికి చూపించే పోర్ట్‌ఫోలియోలో అందమైన స్క్రీన్లు ఇరవై పెట్టేకన్నా, ఒక్క ప్రాజెక్టులో ముందు ఏముండేది, ఎవరు ఎక్కడ ఆగారు, ఏం మార్చారు అన్నది ఫొటోలతో పెట్టండి.

7. మార్చి, మళ్లీ అదే మనిషి దగ్గరకు వెళ్లండి

సీజన్ చూసుకుని ప్లాన్ వేసుకోండి. వానాకాలం వడ్లు అయిపోతే మళ్లీ యాసంగి దాకా ఆగాలి, ఆలోపు సెమిస్టర్ దాటిపోతుంది. మేం వారంలో మార్చాం. గడిలో "ఎన్ని సంచులు?" అని పెట్టి, దాని కింద క్వింటాళ్లు దానంతటదే వచ్చేలా చేశాం. బటన్లు "పేరు రాయించు", "వెనక్కి" అయ్యాయి.

పెద్దనాన్న మళ్లీ 60 కొట్టాడు. కింద "24 క్వింటాళ్లు" అని వచ్చింది. పెదాలు కదుపుతూ లెక్క చూసుకుని, ఎవరినీ అడక్కుండా "పేరు రాయించు" నొక్కాడు. వరుస నంబరు పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఆయన దాన్ని చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, "మరి చీటీ ఏది?" అన్నాడు. ఈసారి నేనేమీ చెప్పలేదు. కాసేపు చూసి, జేబులోంచి మడతపడ్డ బస్ టికెట్ తీసి, వెనకాల ఆ నంబరు రాసిమ్మన్నాడు. నోటుబుక్కులో ఎడమవైపు గడిలో అదే రాసుకున్నాను.