బొగ్గు గని పక్క ఊళ్లో నీళ్లు ఎందుకు తగ్గాయో తేల్చడం ఎలా?

మా చిత్తూరు, తిరుపతి వైపు బొగ్గు గనులు లేవు, ఉన్నవి గ్రానైట్ క్వారీలు. అయినా ఈ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లల్ని ముందు చంద్రగిరి చుట్టుపక్కల బావుల దగ్గర తిప్పి, చెయ్యి కుదిరాకే మణుగూరు, సత్తుపల్లి వైపు సింగరేణి గనుల పక్క ఊళ్లకు తీసుకెళ్తాను. ఇన్నేళ్లుగా చూస్తున్న తప్పు ఒకటే. గని పక్కన నాలుగు బావుల్లోకి తొంగి చూసి, రెండు సీసాల నీళ్లు పట్టి, 'గని వల్లే నీళ్లు పోయాయి' అని రిపోర్టు రాసేస్తారు. "వానలు పడకపోతే మేమేం చేసేది?" అని అవతలివాళ్లు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఊరి బాధ నిజమే అయినా ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. స్టీల్ టేపు, సుద్దముక్క, పీహెచ్ (నీటి పులుపు), టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కొలిచే చిన్న మీటర్లు, శుభ్రమైన లీటరు సీసాలు, ఐస్ పెట్టె, నోటుబుక్కు. టేపు చివర సుద్ద పూసి దించితే ఎంతవరకు తడిసిందో తెలుస్తుంది. బోరు గోడల నుంచి నీళ్లు కారుతుంటే మాత్రం సుద్ద పైనే తడిసి తప్పు చూపిస్తుంది, అలాంటి చోట నీళ్లు తగిలితే బీప్ కొట్టే మీటరే మేలు.

తర్వాత ఊళ్లో కూర్చుని ఏ బావి ఎవరిది, ఎంత లోతు, ఎప్పుడు తవ్వారు, ఎప్పటి నుంచి తగ్గింది అన్నీ రాసుకోండి. బావి గట్టు మీద పెయింటుతో గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవండి. పొద్దున్నే, సేద్యానికి మోటార్లు వేయకముందే కొలవాలి. "అన్నా, ఒక్క పూట మోటారు ఆపు" అని అడిగితే కాదనే రైతు నాకింతవరకు తగల్లేదు. మోటారు ఆడుతుండగా తీసిన కొలత కొలతే కాదు.

అసలు చిక్కంతా పోలిక దగ్గర ఉంది, ఇక్కడ మాత్రం నిదానంగా వెళ్లండి. బావిలో నీళ్లు తగ్గడానికి వాన తక్కువై ఉండొచ్చు, చుట్టూ కొత్త బోర్లు పడి ఉండొచ్చు, గని కూడా లాగేస్తుండొచ్చు. ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచే తవ్వుకుపోయే గని గుంత, భూమిలోని నీటిమట్టం కంటే కిందికి దిగాక చుట్టూ భూమిలోని నీళ్లు దాంట్లోకి ఊరుతూనే ఉంటాయి, బొగ్గు తీయాలంటే వాటిని తోడి బయటికి పొయ్యాల్సిందే. అందుకే గుంతకు దగ్గరి బావులు ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ దిగుతాయి. ఆ తేడా పట్టుకోవాలంటే గుంత నుంచి బయటికి అర కిలోమీటరు, ఒకటి, రెండు, నాలుగు కిలోమీటర్ల దగ్గర ఒక వరుస బావులు కావాలి. అదే వాన, అదే రాయి, అవే పంటలు ఉండి గని ప్రభావం సోకని చోట ఇంకో గుంపు కావాలి. రెండూ ఒకేలా దిగితే గని మీద నేరం మోపలేరు. దగ్గరివి మాత్రమే దిగి, అక్కడ కొత్త బోర్లు కూడా పడకపోతే అప్పుడు గట్టిగా అడగొచ్చు.

ఈ రెండో గుంపు ఎంచుకోవడంలోనే మన వైపు పిల్లలు బోర్లా పడతారు. మనది గట్టి రాయి, నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. ఒక కయ్యలో బోరు వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేస్తుంది, గెనిమ (పొలం గట్టు) అవతల మూడొందలకే నీళ్లు పడతాయి. ఆ అలవాటుతో సింగరేణి గనులుండే గోదావరి లోయకు వెళ్లి, కిలోమీటరు దూరంలోని బావిని 'ఇది వేరే' అనుకుంటారు. అక్కడిది ఇసుకరాయి, స్పాంజి లాగా నీళ్లు పట్టుకుంటుంది, ఒకచోట తోడితే ఆ లాగుడు చాలా దూరం పాకుతుంది. మీరు పోలికకు పెట్టుకున్న బావే దెబ్బతిని ఉంటే ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది? వాగు పక్క బావిని కూడా పోలికకు తీసుకోవద్దు, వాగు నీళ్లు ఇంకి ఆ బావిని నింపుతుంటాయి.

కాలం సంగతి కూడా అంతే. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగింది, ఇక్కడి బావులు గట్టు దాకా నిండాయి. ఒక కుర్రాడు అప్పటి కొలతను మరుసటి మే నెల కొలతతో పోల్చి, పక్కనున్న క్వారీ నీళ్లు మింగేసిందని రాసుకొచ్చాడు. మే నెలను మే నెలతోనే పోల్చాలి. వానల తర్వాత కొలత గోదావరి లోయలో నవంబరులో, మనకు ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి జనవరిలో తీయాలి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావుల్ని ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది, గని రాకముందు సంవత్సరాల అంకెలు అక్కడ దొరికితే వదలొద్దు. రెండేళ్లు కొలవనిదే నోరు తెరవకూడదు. కొందరు మూడు బావుల లెక్కతో కంప్యూటర్ మోడల్ గీసి రంగురంగుల మ్యాపులు వేస్తారు, నా టేపు, నోటుబుక్కు వాటికంటే నమ్మకం.

నీటి నాణ్యతకు సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా నింపి, ఐస్‌లో పెట్టి ల్యాబుకు పంపండి. పీహెచ్ మాత్రం బావి దగ్గరే చూడాలి, దారిలో మారిపోతుంది. పీహెచ్ బాగుందని ఆగిపోవద్దు. మేఘాలయ జయంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ, అందుకే అక్కడి వాగులు ఆమ్లంగా మారాయి. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ, పుట్టిన కాస్త ఆమ్లాన్ని కూడా రాళ్లలోని సున్నం విరిచేస్తుంది. అయినా ఆ గంధకం నుంచి పుట్టే సల్ఫేటు నీటిలో మిగిలిపోతుంది, కాబట్టి సల్ఫేటు పరీక్ష తప్పకుండా రాయించండి. తాగునీటి ప్రమాణాల్లో దానికి హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 400.

వాగును కూడా చూడండి. గని తోడిన నీళ్లు అందులోకి వదిలితే ఎండాకాలంలోనూ పారుతుంది, 'నీళ్లు బాగానే ఉన్నాయి కదా' అనిపిస్తుంది, పక్క బావులేమో ఎండి ఉంటాయి. గని గొట్టం పడే చోటికి పైన ఒకటి, కింద ఒకటి శాంపిల్ తీయండి.

అంకెలన్నీ చార్టు మీద రాసి ముందు బావులవాళ్లకే చూపించండి. "ఆ నెల నా మోటారు కాలిపోయింది సార్, తోడనే లేదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట రాసుకుని, ఆ అంకె పక్కన ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి.