సిగరెట్టు మానిన తర్వాత కమ్ముకునే దిగులు: సమస్య - పరిష్కారం

సమస్య: మానిన రెండో రోజో మూడో రోజో కారణం తెలియని దిగులు మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు పలకరించినా విసుగు కలుగుతుంది, పని మీద మనసు నిలవదు.

కారణం: నికోటిన్ మెదడులో హాయినిచ్చే డోపమైన్ అనే రసాయనం విడుదలను పెంచుతుంది. ఏళ్ల తరబడి దానికి అలవాటుపడిన మెదడు, అది ఒక్కసారిగా అందకపోయేసరికి మళ్లీ సర్దుకోవడానికి కొంత కాలం తీసుకుంటుంది. ఈ బాధ మొదటి వారంలో ముదిరి, చాలామందిలో 2 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది. తిరుమలలో పొగతాగడం నిషేధం గనుక, దర్శనానికి వెళ్లి ఒక రోజు కొండ మీద గడిపినవారు "అక్కడ గుర్తే రాలేదు, ఇక మానడమెంత పని" అనుకుంటూ దిగివస్తారు. అసలు కష్టం ముదిరే సమయమూ, రోజూ నిలబడే టీకొట్టూ రెండూ వారికి కొండ దిగాకే ఎదురవుతాయి.

పరిష్కారం: ఈ వారం చిరాకుగా ఉంటానని ఇంట్లో ముందే చెప్పాలి. తాగాలన్న తహతహ సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది కాబట్టి, ఆ కాస్త సేపు లేచి నడవడం మేలు. దీనికి అలిపిరి మెట్లన్నీ ఎక్కనక్కరలేదు, వీధి చివరిదాకా వెళ్లివచ్చినా చాలు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు ముట్టించే అలవాటున్నవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, మిగిలినవారికి 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. దానిని నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. అంతకు ముందు 15 నిమిషాల లోపు కాఫీ తాగితే మందు సరిగా ఒంటబట్టదు. గుండె జబ్బున్నవారు, గర్భిణులు వైద్యుని అడిగి వాడాలి.

సమస్య: గుండె దడ, ఆందోళన, నిద్రలేమి.

కారణం: దీనికి చాలాసార్లు ఫిల్టర్ కాఫీ తోడవుతుంది, ఆ సంగతి ఎవరికీ తట్టదు. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా విరిచేస్తుంది. పొగ ఆగాక అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

పరిష్కారం: కాఫీని సగానికి తగ్గించి, మధ్యాహ్నం తర్వాత మానాలి. ఓలాంజపిన్, క్లోజపిన్ (మానసిక జబ్బుల మందులు), థియోఫిలిన్ (ఉబ్బసం మందు) వాడేవారి మోతాదు కూడా ఇదే కారణంగా మార్చవలసి రావచ్చు కాబట్టి, సిగరెట్టు మానుతున్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

సమస్య: నెల దాటాక, భోజనమైన వెంటనే ఏదో వెలితి.

కారణం, పరిష్కారం: అప్పటికి సిగరెట్టు నికోటిన్ ఒంట్లో లేదు, పోయినది పనిలోంచి లేచి బయటికి వచ్చే ఆ ఐదు నిమిషాల విరామమూ, అప్పుడు తోడుండే స్నేహితులూ. నా ఉద్దేశంలో ఆ విరామాన్ని వదులుకోకూడదు. అదే వేళకు, పొగతాగని తోడుతో, వేరే చోటుకు వెళ్లాలి.

సమస్య: దిగులు రెండు వారాలకు పైగా రోజంతా వదలదు, ఆకలీ నిద్రా చెడతాయి, బ్రతుకు వ్యర్థమనిపిస్తుంది.

పరిష్కారం: దీనిని మానడం వల్ల వచ్చిన బాధేనని సరిపెట్టుకోకూడదు, గతంలో కుంగుబాటు వచ్చినవారైతే రెండు వారాలు కూడా ఆగకుండా మానసిక వైద్యుని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అదే క్షణం టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయాలి, ఒంటరిగా ఉండకూడదు. పొగాకు మానే సలహా కోసం 1800-112-356 నంబరుకు ఉచితంగా మాట్లాడవచ్చు.