చలికి స్టార్ట్ కాని పాత డీజిల్ వ్యాన్: నా అనుభవం

డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో హైదరాబాద్ నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లాం, పాత డీజిల్ క్యాంపర్ వ్యాన్‌లో. తెల్లవారుజామున సెల్ఫ్ బాగానే తిరిగేది, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వచ్చేది, ఇంజిన్ మాత్రం అందుకునేది కాదు. ఎండెక్కాక ఏ గొడవా లేదు.

బ్యాటరీ, డీజిల్ ఫిల్టర్, సెల్ఫ్ మోటార్ అన్నీ చూశాం, లాభం లేదు.

తెల్లపొగ అంటే డీజిల్ అందుతోంది, మండట్లేదు. అందుకే చలిలో స్టార్ట్ అయ్యేలా ఇంజిన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్‌ల (గ్లో ప్లగ్‌ల) మీద అనుమానం వచ్చింది. తాళం ఆఫ్ చేసి, నాలుగు ప్లగ్‌లనూ కలిపే రేకు పట్టీ విప్పాను. టెస్ట్ ల్యాంప్ (కరెంట్ పారితే వెలిగే చిన్న బల్బు) క్లిప్ బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, మొనను ఒక్కో ప్లగ్ నెత్తికి ఆనించాను. ఒక్కదానికే వెలిగింది. మిగతా మూడూ పోయాయన్నమాట. తర్వాత క్లిప్ బాడీకి మార్చి, తాళం ఆన్ చేసి, పట్టీకొచ్చే వైరు చూశాను. వెలిగింది, అంటే ప్లగ్‌లకు కరెంట్ పంపే స్విచ్ (రిలే) బాగుంది. ఇక్కడ వెలగకపోతే కొత్త ప్లగ్‌లు కొన్నా దండగే. పాతవి ఇంజిన్ వేడి మీదుండగా నిదానంగా విప్పాలి. విరిగితే ఇంజిన్ హెడ్ (పైభాగం) దించాల్సి రావచ్చు. వోల్టేజ్ సరిచూసుకుని నాలుగూ కొత్తవే వేశాం. మర్నాడు పొగమంచులోనే స్టార్టయింది, ఎంత హాయిగా అనిపించిందో!

అన్ని బండ్లకూ ఇదే కారణమని చెప్పలేను. హీటర్ ప్లగ్‌లే లేని డీజిల్ ఇంజిన్లూ ఉన్నాయి. పొగే రాకపోతే మాత్రం ముందు డీజిల్ అందుతోందో లేదో చూడండి.