కొత్త పిల్లితో పాత పిల్లికి పడటం లేదా? సమస్య - పరిష్కారం

రెంటినీ ఎదురెదురుగా వదిలేసి "అవే సర్దుకుంటాయి" అనుకోవడం దగ్గరే చాలా ఇళ్లలో గొడవ మొదలవుతుంది. కొత్తది ముందు వేరే గదిలో ఉండాలి. ఎఫ్‌ఐవీ, ఫెలైన్ లుకేమియా (ఒక పిల్లి నుంచి మరోదానికి అంటే వైరస్ జబ్బులు) రక్తపరీక్షలు, టీకాలు అయ్యాకే కలపాలి.

సమస్య: మూసిన తలుపు దగ్గర బుసలు

కారణం: తన చోట్లో పరాయి వాసన. మొదట్లో ఇది మామూలే, తిట్టకండి.

పరిష్కారం: పాత కాటన్ గుడ్డతో కొత్తదాని బుగ్గలు, గడ్డం తుడిచి, పాతదాని గిన్నెకు మూడడుగుల దూరంలో వేయండి. రెండోదానికీ ఇలాగే. తర్వాత తలుపుకు చెరోవైపు, ఆరేసి అడుగుల దూరంలో గిన్నెలు పెట్టండి. రెండూ నింపాదిగా తింటుంటే రోజుకు అర అడుగు దగ్గరకు జరపండి. ఏదైనా తినడం ఆపి తలుపు వైపే చూస్తుంటే నిన్నటి దూరానికి వెనక్కి వెళ్లండి.

సమస్య: చూడగానే మీద పడింది

కారణం: తొందరపడ్డారు. బుస కంటే మౌనంగా గుచ్చి చూడటమే ప్రమాదం. చెవులు వెనక్కి అణిగి, తోక కొస మాత్రం టపటపా కొట్టుకుంటూ, రెప్ప వాల్చకుండా చూస్తోందంటే దూకబోతోందని అర్థం.

పరిష్కారం: మధ్యలో పెద్ద అట్టముక్క అడ్డం పెట్టండి, చెయ్యి మాత్రం పెట్టకండి. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పిల్లుల్ని రెండు మూడు రోజులు విడిగా ఉంచి, మళ్లీ తలుపు దగ్గర తిండితోనే మొదలుపెట్టండి. ఆ తర్వాత దోమల జాలీ తలుపుకు కింది సగం దుప్పటి కట్టి, ఐదు నిమిషాలు చూడనివ్వండి. బాగున్నప్పుడే ఆపేయాలి.

సమస్య: ఇసుక ట్రే (పిల్లి మలమూత్రాల తొట్టి) వదిలేసి మూలల్లో ఉచ్చ పోస్తోంది

కారణం: ట్రేకి వెళ్లే దారిలో రెండోది కాపు కాస్తోంది.

పరిష్కారం: రెండు పిల్లులకు మూడు ట్రేలు, వేర్వేరు చోట్ల. పక్కపక్కన పెడితే పిల్లి దృష్టిలో అవన్నీ ఒకటే. ఫినాయిల్‌తో తుడవకండి, ఫినాల్ పిల్లులకు విషం. ఎంజైమ్ క్లీనర్ (ఉచ్చ వాసనను విరిచే ద్రావణం) వాడండి. నిలబడి గోడ మీద చిమ్ముతుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, ఫలితానికి కొన్ని వారాలు పట్టొచ్చు. మగపిల్లి ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం అది గొడవ కాదు, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. రాత్రయినా సరే వెటర్నరీ డాక్టరు దగ్గరకు పరుగెత్తండి.

సమస్య: కొత్తది మంచం కింద నుంచి రావడం లేదు

కారణం: భయం. లాగకండి. అట్టపెట్టె, నీళ్లు, తిండి దగ్గర్లో పెట్టి వదిలేయండి. పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే, కాలేయానికి కొవ్వు పట్టకముందే డాక్టరుకు చూపించండి. పిల్లపిల్లి అయితే అంతసేపు కూడా ఆగొద్దు.