రాక్షసరాజు కొలువు – 4వ పాఠం: ఖాళీ సింహాసనం ముందు బంట్లు

మూడు పాఠాలూ రాజుకే సరిపోయాయి: వాడికేం కావాలి, దేనికి జంకుతాడు, కోట ఎక్కడ కట్టాలి. ఇప్పుడు వాడి చుట్టూ తిరిగేవాళ్ళ సంగతి. ఇంకొకరి కథలోని పాత్రలతో మనం రాసే ఫ్యాన్ ఫిక్షన్‌లో రాక్షసరాజు తేలిపోయేది కొమ్ముల దగ్గరో కోరల దగ్గరో కాదు, బంట్ల దగ్గర. సింహాసనం మీద ఉన్నంతసేపు అందరూ వణుకుతారు, అది ఎవరైనా రాస్తారు. వాడు లేచి అంతఃపురంలోకి వెళ్ళాక ఆ కొలువులో ఏం గుసగుసలాడుకున్నారో రాస్తేనే వాడి బరువు తెలుస్తుంది.

ఈ పాఠానికి కానన్ (మనం ఆధారం చేసుకునే మూలకథ) రామాయణంలోని లంక. అందరికీ తెలిసిన కొలువు, హక్కుల తగువు కూడా లేదు. (మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఈ కాలపు పాత్రలతో రాసేవాళ్ళు అమ్మకం జోలికి పోకండి.)

ముందు లెక్క. పది భాగాల సీరియల్, ఒక్కో భాగం 1,500 మాటలు అనుకుంటే పేరున్న బంట్లు నలుగురు చాలు. ఐదోవాడు కావాలంటే ఒకణ్ణి చంపండి, లేదా కొత్తవాడికి పేరు పెట్టకుండా 'ఈటెవాడు' అని సరిపెట్టండి. చదివేవాళ్ళు చెన్నైలో గిండీ దగ్గర మెట్రో ఎక్కి సెంట్రల్‌లో దిగేలోపు ఒక భాగం ముగిస్తారు, రెండోది మళ్ళీ వారానికి. కరాళుడు, కంకాళుడు, కపాలకేతుడు అని ముగ్గురినీ 'క'తో మొదలుపెడితే అప్పటికి ఎవడు ఎవడో గుర్తుండదు. మొదటి అక్షరం మార్చండి, పేరు పొడవూ మార్చండి. ఒక్కడికైనా సంస్కృతం అంటని పేరుండాలి. వంటశాల రాక్షసుడు 'బోడెన్న' అయితే వాడి చేతి మసి కూడా కనిపిస్తుంది.

తర్వాత చిట్టా. బంటుకి అరపేజీ చొప్పున కేటాయించి నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. రాజుకి వీడు ఏం బాకీ? ఏ పని చెప్తే చెయ్యనంటాడు? వీడు పోతే ఆ చోటు ఎవడిది? రాజు వీపు తిప్పగానే వీడి నోట వచ్చే మొదటి మాటేంటి? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే 'విశ్వాసపాత్రుడు కాబట్టి' అని రాసి చేతులు దులుపుకుంటారు. అది జవాబు కాదు, బిరుదు.

వాల్మీకి దగ్గర చూడండి. మారీచుడు రావణుడి మాట విన్నది భక్తితో కాదు. రాముడి బాణం ఒకసారి వాణ్ణి నూరు యోజనాల అవతల సముద్రంలో పడేసింది. తర్వాత ఇంకోసారి కూడా ఆ బాణం నుంచి తప్పించుకున్నాక రత్నం, రథం లాంటి 'ర'తో మొదలయ్యే మాట విన్నా వాడికి హడలే. వద్దని బుద్ధి చెప్పి చూశాడు. కాదంటే ఇక్కడే చంపుతానని రావణుడన్నాక, ఇటైనా చావే అటైనా చావే, రాముడి చేతిలోనే పోతానని బయల్దేరాడు. కుంభకర్ణుడిది ఇంకో బాకీ. నిద్రలేపితే లేచి, ముందే ఆలోచించుకోవాల్సిందని అన్నని తప్పుపట్టి, ఆ మీదట అన్న కోసమే యుద్ధానికి వెళ్ళాడు. ఒకడు భయానికి, ఇంకొకడు రక్తానికి. ఇద్దరూ రాజు తప్పని మొహం మీదే అన్నవాళ్ళే. ఎదురు చెప్పని బంటు కంటే ఎదురు చెప్పి కూడా వదిలిపోని బంటు రాజుని పెద్ద చేస్తాడు.

ఇక భాష. ఈ విషయంలో తెలుగు మనకు ఇచ్చిన పనిముట్టు చాలా పదునైంది, వాడేవాళ్ళు తక్కువ. కొలువులో 'ప్రభువులవారు', మెట్ల మీద 'ఆయన', వంటశాలలో 'మీ ఆయన' అని ఎకసెక్కం, చివరికి ఎప్పుడో 'వాడు'. ఈ నిచ్చెన మీద ప్రతి బంటూ ఏ మెట్టు మీద నిలబడ్డాడో చిట్టాలో రాసుకోండి. మొత్తం పది భాగాల్లో రాజుని 'వాడు' అనే అవకాశం ఒక్క బంటుకి, ఒక్కసారే ఇవ్వండి. ఆ మాట పడిన చోట పక్కవాడు చేతిలో పని ఆపేస్తే చాలు, ఉరుములూ మెరుపులూ అక్కర్లేదు.

అందరిచేతా గ్రాంథికం మాట్లాడించడం మద్రాసు గాలి తగిలిన మనవాళ్ళకి వచ్చే జబ్బు. కోడంబాకం, వడపళని స్టూడియోల్లో తీసిన పౌరాణికాల డైలాగులు ఇంకా చెవుల్లో ఉన్నాయి మరి. గ్రాంథికం నిండు కొలువుకి మాత్రమే ఉంచండి. నడవలోకి రాగానే మామూలు మాట. మీ ఇంటి తెలుగులో తమిళం కలుస్తుందని సిగ్గుపడి ఏరిపారెయ్యకండి, బోడెన్నకి ఇచ్చెయ్యండి. వాడు పొరుగు దీవి నుంచి వచ్చినవాడని ఒక్క వాక్యం చాలు.

ఇప్పుడు ఒక సీను దగ్గరగా చూద్దాం. యుద్ధకాండలో రావణుడి మంత్రులు శుకసారణులు వానర రూపాల్లో వేగుకి వెళ్ళి విభీషణుడికి దొరికిపోయారు. రాముడు నవ్వి వదిలేశాడు. తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పినందుకు రావణుడు తిట్టి వెళ్ళగొట్టాడు. మొదటిసారి రాసేవాళ్ళు దీన్ని ఇలా రాస్తారు:

'రావణుడు భయంకరంగా గర్జించాడు. కొలువంతా గడగడలాడింది. శుకసారణులు భయంతో కంపించిపోయారు.'

మూడు వాక్యాల్లో మూడుసార్లు భయం, ఒక్కసారీ కనిపించలేదు. సీనుని ఐదు నిమిషాలు ముందుకి జరిపి, రాజుని తీసేసి రాయండి:

'మెట్లు దిగుతూ సారణుడు ముక్కు ఎగబీల్చాడు. "నీ దగ్గర ఇంకా కోతి వాసన వస్తోంది."
శుకుడు పలకలేదు. పొద్దున వంగి దారిచ్చిన ద్వారపాలకుడు ఇప్పుడు పైకప్పు చూస్తున్నాడు.
"మనం చెప్పింది అబద్ధమా?"
"కాదు."
"మరి?"
"గట్టిగా అడక్కు. ఇంకా మూడు వాకిళ్ళున్నాయి."'

రాజు పేరు లేదు, గర్జన లేదు. భయం 'గట్టిగా అడక్కు'లో ఉంది, పదవి పోయిన సంగతి ద్వారపాలకుడి మెడలో ఉంది. బీటా రీడర్‌కి (బయటపెట్టే ముందు చదివి తప్పులు చెప్పేవాళ్ళకి) ఇచ్చేటప్పుడు 'భయం', 'వణుకు', 'కంపించు' మాటలు ఎన్నున్నాయో వెతికి లెక్కపెట్టమనండి. 1,500 మాటల భాగంలో రెండు దాటితే మళ్ళీ రాయాలి.

చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి రాజు అక్కడికక్కడే నరికెయ్యడం అందరూ వాడే ఎత్తు. చూడ్డానికి బాగుంటుంది, కథకి మాత్రం విషం. ఆ తర్వాత వేగువాడు నిజమెందుకు చెప్తాడు? రావణుడు కూడా ఆ ఇద్దరినీ చంపలేదు, పాత సేవ గుర్తుచేసుకుని ప్రాణాలతో వదిలాడు. వెంటనే ఇంకో వేగువాడు శార్దూలుణ్ణి పంపగలిగాడు. మీ రాజు నరికే తీరాలంటే నరకనివ్వండి, కానీ తర్వాతి భాగంలో వేగువాడు అబద్ధం మోసుకురావాలి, ఆ పై భాగంలో ఆ అబద్ధం వల్ల ఒక కోట పోవాలి. చంపిన దానికి ఖర్చు రాయకపోతే ఆ చావు వృథా.

బంట్లందరినీ మందమతుల్ని చెయ్యడం ఇంకో తప్పు. మందమతుల్ని కొలువులో పెట్టుకున్నవాడు తనూ మందమతే అవుతాడు, అలాంటివాణ్ణి ఓడించిన హీరోకి ఏం గొప్ప? మూడు పనులు చెప్తే రెండు నెగ్గాలి. మూడోది చెడింది బంటు తెలివితక్కువకి కాదు, రాజు దాచిన విషయం వల్ల అయితే ఇంకా మేలు.

ద్రోహం గురించి ఒక్క మాట. మూడు భాగాల ముందు నుంచీ ఆనవాళ్ళు వెయ్యండి. విభీషణుడు కూడా చెప్పి చెప్పి, మాటలు పడ్డాకే నలుగురు అనుచరులతో వెళ్ళాడు. ఆ నలుగురికీ మూలంలో పని చాలా తక్కువ. ఓసీ (మూలంలో లేని, మనం కల్పించిన పాత్ర) పెట్టకుండా కొత్త కథ కావాలంటే అంతకంటే మంచి చోటు దొరకదు.

కోటలో తిండి లెక్క ఎవరూ వెయ్యరు. పదివేలమంది రాక్షసులు, మనిషికి రెట్టింపుగా తలకి రోజుకి రెండు కిలోల బియ్యం వేసుకోండి. ఇరవై టన్నులు. ఎడ్లబండికి టన్ను చొప్పున రోజూ ఇరవై బళ్ళు వాకిలి దాటాలి. వర్షాలకి వారం రోజులు దారి తెగితే? గిడ్డంగి తాళం ఎవడి మొలలో ఉంటే వాడే అసలు సేనాపతి. బోడెన్నని తేలిగ్గా చూడొద్దన్నది అందుకే.

ఈ వారం పని రెండు ముక్కలు. మొదటిది చూసి రాయాలి. 1996లో కొత్వాల్ చావిడి నుంచి తరలిన కూరగాయల టోకు సంత కోయంబేడులో ఉంది కదా, తెల్లవారుజామున వెళ్ళి టీ కొట్టు పక్కన అరగంట నిలబడండి. ఏదో ఒక కొట్టుని ఎంచుకోండి. ఓనరు రాగానే లేచినవాణ్ణి కాదు, లేవనివాణ్ణి గమనించండి. గుమాస్తా గొంతు ఎప్పుడు తగ్గింది? మోత కూలీ ఎవరి మాటకి బస్తా దించాడు? పేర్లొద్దు, ఫోటోలొద్దు, చేతులూ చూపులూ మాత్రమే పది వాక్యాల్లో రాయండి.

రెండోది 300 మాటల సీను. రాజు ఊళ్ళో లేడు, సింహాసనం ఖాళీ, దాని మీద దుమ్ము పడింది. తుడవాలి. తుడవాలంటే ముట్టుకోవాలి. మీ నలుగురు బంట్లలో గుడ్డ ఎవడు పట్టుకున్నాడో, ఎవడు చూడనట్టు నటించాడో రాయండి. 5వ పాఠంలో ఆ రాజు తిరిగొస్తాడు. తుడిచిన గుడ్డ ఎక్కడ దాచారో మర్చిపోకుండా చిట్టాలో రాసిపెట్టుకోండి.