ఆపద వేళ అజమాయిషీ – 3: కట్ట మీద నూరు మంది, ఎవరి మాట వినాలి?

ముందు పోయిన పాఠం సంగతి. ఊళ్లో ఆపద వస్తే మొదటి పది నిమిషాలు చార్జ్ ఎవరిదో కాగితం మీద రాయమన్నాను కదా, మీలో చాలామంది సర్పంచ్ అనో తహసీల్దార్ అనో రాసి ఉంటారు. తహసీల్దార్ వచ్చేసరికి గంట పట్టొచ్చు, సర్పంచ్ ఆ రోజు హైదరాబాద్‌లో ఉండొచ్చు. అక్కడికి ముందుగా చేరినవాళ్లలో పని తెలిసినవాళ్లు ఎవరో వాళ్లే అప్పటికి ఇన్సిడెంట్ కమాండర్, అంటే అక్కడి పనంతా నడిపించే పెద్ద. తర్వాత పెద్ద అధికారి వచ్చినా, రాగానే చార్జ్ ఆయన చేతికి పోదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి "ఇంతదాకా ఇది అయింది, ఇంతమంది ఇక్కడ ఉన్నారు, ఇది మిగిలింది" అని అప్పజెప్పి, "ఇప్పటినుంచి చార్జ్ సార్‌ది" అని అందరికీ వినపడేలా చెప్పాకే మారుతుంది. ఈ ముక్క మీ జవాబులో లేకపోతే రెండో పాఠం ఇంకోసారి చదివి రండి, తొందరేం లేదు.

ఇవాళ్టి పాఠంలో రెండు విషయాలు. ఒకరి కింద ఎంతమంది ఉండాలి, సాయానికి వచ్చినవాళ్లు ఎక్కడ ఆగాలి.

మా ఊరు దేవరకొండ వైపు. కొన్నేళ్ల కింద ఉత్తర కార్తెలో రెండు రోజులు విడవకుండా వాన పట్టింది, చెరువు మత్తడి దుంకుతోంది, తెల్లారుజామున నీరటి పరుగున వచ్చి కట్టకు బుంగ పడిందని చెప్పాడు. అరగంటలో కట్ట మీద నూరు మందికి పైనే ఉన్నాం. అందరూ మంచి మనసుతో వచ్చినవాళ్లే. ఇసుక ట్రాక్టర్లు రెండు కట్ట ఎక్కాయి, వాటి వెనక బైకులు, బైకుల వెనక జేసీబీ. జేసీబీ బుంగ దాకా పోవాలంటే ట్రాక్టర్లు వెనక్కి రావాలి, ట్రాక్టర్లు రావాలంటే బైకులు తీయాలి, ఆ బైకుల తాళాలేమో కట్ట కింద బస్తాలు మోస్తున్నవాళ్ల జేబుల్లో ఉన్నాయి. దగ్గర దగ్గర గంట అక్కడే పోయింది.

బుంగ దగ్గర ఇంకో లొల్లి. ఒక పెద్దమనిషి "నీళ్లొచ్చే కంత మూసేయండి" అంటాడు, ఇంకో పెద్దమనిషి "మూయొద్దు, చుట్టూ బస్తాలు పేర్చండి" అంటాడు. రెండో ఆయన మాటే సరైనది. కట్ట బయటివైపు కంతను గట్టిగా బిగిస్తే లోపలి ఒత్తిడి ఊరుకోదు, పక్కనే ఇంకోచోట పొడుచుకొస్తుంది. దాని చుట్టూ బావి గోడలాగా బస్తాలు పేర్చి నీటిని కొంత ఎత్తు నిలవనిస్తే ఎదురు ఒత్తిడి పుట్టి, లోపలినుంచి మట్టి రావడం తగ్గుతుంది. వచ్చే నీళ్లు దోసిట్లో పట్టి చూడాలి. తేటగా వస్తే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, బురదగా వస్తుంటే కట్ట లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. మేమైతే పది బస్తాలు ఒకాయన మాట మీద వేశాం, ఇంకొకాయన మాట మీద తీశాం, మళ్లీ వేశాం. చివరికి చెరువు లోపలివైపు బుంగ నోరు దొరికితే టార్పాలిన్ పరిచి, దాని మీద బస్తాలు వేసి ఆపగలిగాం. చెరువు తెగలేదు. కానీ ఆ గంట గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడగానే ఉంటుంది, ఎందుకంటే కట్ట కింద వాడలో పిల్లలు నిద్రలో ఉన్నారు.

ఆ రోజు మాకు మనుషులు తక్కువ కాలేదు, సామాను తక్కువ కాలేదు. ఎవరు ఎవరి మాట వినాలో ఒక్కరికీ తెలియదు.

ఇది మన దగ్గరే పుట్టిన కష్టం కూడా కాదు. 1970లో కాలిఫోర్నియాలో 13 రోజులు కార్చిచ్చులు రేగి 16 మంది చనిపోయారు, అక్కడా బోలెడన్ని ఫైర్ ఇంజన్లు ఉన్నాయి, కానీ ఒక శాఖ రేడియో మాట ఇంకో శాఖకు అందలేదు, ఒకే మాటకు తలా ఒక అర్థం. ఆ అనుభవం నుంచే, ఎవరు ఎవరి మాట వినాలో తేల్చే ఈ ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతి తయారైంది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో దీన్ని మన రెవెన్యూ వ్యవస్థకు తగ్గట్టు మార్చి మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లాలో బాధ్యత కలెక్టర్‌ది. ఇన్సిడెంట్ కమాండర్ కింద మూడు విభాగాలు: ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్. పేర్లు చూసి టెన్షన్ పడకండి. కట్ట మీద బస్తా వేసేవాళ్లు ఆపరేషన్స్, ఆ బస్తా, డీజిల్, చాయ్, టార్చి లైటు తెచ్చేవాళ్లు లాజిస్టిక్స్, కాగితం పట్టుకుని ఎవరెక్కడున్నారో రాస్తూ వచ్చే రెండు గంటలకు ఏం కావాలో ఆలోచించేవాళ్లు ప్లానింగ్. అంతే.

ఇప్పుడు లెక్క. ఒక మనిషి సరిగ్గా చూసుకోగలిగేది ముగ్గురి నుంచి ఏడుగురిని, అయిదుగురైతే మేలు. నూరు మంది వస్తే ఐదేసి మందికి ఒక మేస్త్రి, ఐదుగురు మేస్త్రీలకు ఒక పెద్ద మేస్త్రి, అలా పైకి. బస్తా మోసేవాడు తన మేస్త్రి మాట తప్ప ఇంకెవరి మాటా వినడు, ఎమ్మెల్యే వచ్చి చెప్పినా సరే. ఎమ్మెల్యే చెప్పాలనుకున్నది కమాండర్‌కు చెప్పాలి, అది వరసలో కిందికి వస్తుంది. మన ఊళ్లల్లో ఇది మొహమాటం పని, నాకు తెలుసు, అందుకే ముందే మాట్లాడుకుని పెట్టుకోవాలి.

రెండోది స్టేజింగ్ ఏరియా. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పొద్దున్నే కూలీల అడ్డా చూసే ఉంటారు. అందరూ అక్కడ ఆగుతారు, పిలిచినవాళ్లే పనికి పోతారు. అచ్చం అదే. చెరువుకు కాస్త దూరంగా, ఎత్తు మీద, బండ్లు తిరిగే జాగా ఉండాలి, బడి గ్రౌండ్ లాంటిది. ట్రాక్టరైనా మనిషైనా ముందు అక్కడే ఆగి పేరు రాయించుకోవాలి, పిలుపు వస్తేనే కట్ట ఎక్కాలి, బండి తాళం బండికే ఉండాలి.

పేరు ఎందుకు రాయాలంటే, మన నల్లగొండ నీళ్ల కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం గుర్తు చేసుకోండి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర లోపల కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఆ చోటు ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్, ఆర్మీ, నేవీ, సింగరేణి రెస్క్యూ వాళ్లు, సన్న కంతల్లో దూరి చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు, ఇంతమంది పోవాల్సింది ఒకే దారిన. లోపల నీళ్లు ఊరుతున్నాయి, బురద పేరుకుంటోంది. అలాంటి చోట ఎవరు ఎన్నింటికి లోపలికి పోయారు, ఎవరు బయటికి వచ్చారు అన్న లెక్క తప్పితే, కాపాడటానికి వచ్చినవాళ్ల కోసమే ఇంకో వెతుకులాట మొదలవుతుంది. మీ చెరువు కట్టకూ ఇదే లెక్క.

ఇంకొకరు కూడా కావాలి, సేఫ్టీ ఆఫీసర్. ఆయన బస్తా ముట్టుకోడు. విజిల్ పట్టుకుని కట్టనూ, మోటార్ల కరెంటు వైర్లనూ చూస్తూ నిలబడతాడు. ప్రమాదం అనిపిస్తే ఎవరినీ అడగకుండా పని ఆపించే హక్కు ఆయనకుంది. మూడు విజిళ్లు పడితే బస్తా ఎక్కడిది అక్కడ వదిలేసి అందరూ అడ్డాకు రావాలి, అక్కడ పేర్లు పిలవాలి.

ఈ వారం పని. ఒక తెల్ల కాగితం మీద మీ చెరువు గీయండి: కట్ట, మత్తడి, తూము, కట్ట కింది ఇళ్లు. అడ్డా ఎక్కడో గుర్తు పెట్టండి, బండ్లు ఏ దారిన వచ్చి ఏ దారిన పోవాలో బాణాలు వేయండి, రెండూ ఒకే దారి అయితే అడ్డా మార్చండి. తర్వాత కమాండర్, మూడు విభాగాలు, సేఫ్టీ, ఐదుగురు మేస్త్రీలు, ఒక్కో గడిలో రెండేసి పేర్లు రాయండి, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు ఉండాలి. కాగితం కింద 112, 108, 101, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077, మీ లైన్‌మన్ నంబరు. ఆదివారం సాయంత్రం ఆ పేర్లున్నవాళ్లను చెరువు దగ్గరికి పిలిచి ఒక్కసారి మూడు విజిళ్లు ఊది చూడండి, అందరూ అడ్డాకు చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మూలన రాసుకోండి. నాలుగో పాఠం రాత్రి షిఫ్ట్ మార్చడం గురించి, దానికి ఆ కాగితం కావాలి.