సొంత వికీ మొరాయిస్తే: రాసుకున్న నోట్సు మళ్లీ దొరకాలంటే ఎక్కడ చూడాలి

కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్లు, పాత గేములు, వీటి మీద నేను చాలా ఏళ్లుగా ఒక వికీ, అంటే ఒకదానికొకటి లింకులున్న నోట్సు పేజీల గుట్ట, నడుపుతున్నాను. రాసేదీ చదివేదీ నేనొక్కడినే. అప్పుడప్పుడు తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, ఆ ప్రింటర్‌కి అప్పుడేదో చేశావు కదా, ఏంటది?" అంటాడు, నేను వికీ తెరుస్తాను, ఆ పేజీ దొరకదు. ఉందని తెలుసు, రాసింది నేనే, అయినా దొరకదు. సొంత వికీకి వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. అందుకే ముందు దీనితోనే మొదలుపెడతాను. నేను వాడేది డోకువికీ, సర్వర్ మీద నడిచే వికీ సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో నోట్సు రాసుకునే అబ్సిడియన్ యాప్ ఉంది, అంతకుముందు కొన్నాళ్లు బ్రౌజర్‌లోనే నడిచే టిడ్లీవికీ వాడాను. మీది వేరే అయినా లక్షణాలు దాదాపు ఇవే.

పేజీ ఉంది, సెర్చ్‌లో మాత్రం రాదు

తెలుగులో నోట్సు రాసుకునేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. మూడు కారణాలున్నాయి, ఈ వరుసలోనే చూడండి.

మొదటిది మన విభక్తులు, బహువచనాలు. పేజీలో ఒకచోట "డ్రైవర్" అని, ఇంకోచోట "డ్రైవరుని" అని, మరోచోట "డ్రైవర్లు" అని రాసి ఉంటాం. డోకువికీ సెర్చ్ మామూలుగా పూర్తి మాటనే పట్టుకుంటుంది కాబట్టి "డ్రైవర్" అని కొడితే మిగతా రెండూ రావు. దీనికో చిన్న చిట్కా ఉంది: చివరి పొల్లు తీసేసి "డ్రైవర" అని కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. పొల్లు గానీ కొమ్ము గానీ కంప్యూటర్ దృష్టిలో "ర" తర్వాత వచ్చే వేరే అక్షరాలు, అందుకే "డ్రైవర" అంటే మూడూ చిక్కుతాయి. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లోనో ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌తోనో వెతికితే నక్షత్రం కూడా అక్కర్లేదు. "విండోస" అనీ "ప్రింటర" అనీ కొట్టడం మొదట్లో వింతగా ఉంటుంది గానీ వారంలో అలవాటైపోతుంది.

రెండోది కంటికి కనపడని అక్షరం. "విండోస్‌లో" అని రాసేటప్పుడు స కింద ల వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో ఒక అక్షరం పెడతాం, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దాని నంబరు 200సి. కొన్ని కీబోర్డులు మనం అడక్కుండానే పెట్టేస్తాయి. మాట మధ్యలో ఉంటే దాని ఫలితమైనా తెలుస్తుంది, "సాఫ్ట్‌వేర్" ఒకలా, "సాఫ్ట్వేర్" ఒకలా కనిపిస్తాయి. మాట చివర ఉంటే మాత్రం దేవుడికి కూడా తెలీదు. ఫోన్‌లో రాసిన పేజీని లాప్‌టాప్‌లో వెతికినప్పుడు దొరక్కపోతే ముందు దీన్నే అనుమానించండి. అలాగని ఫైళ్లలో మాటలు ఒక్కసారిగా మార్చే సెడ్ కమాండ్‌తో వికీ మొత్తం మీద ఆ అక్షరాన్ని ఊడ్చేయకండి, నేనొకసారి ఆ పని చేశాను, మర్నాడు ప్రతి పేజీలో ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పేజీలన్నీ ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలో తీసేసి, అక్కడ వెతకండి. అసలు పేజీల జోలికి వెళ్లొద్దు.

మూడోది, అన్నిటికంటే మామూలుది: మనం వెతికే మాట ఆ పేజీలో అసలు రాయనేలేదు. "సౌండ్ సమస్య తీరింది" అని రాసి, కింద ఎర్రర్ బాక్సు స్క్రీన్‌షాట్ అతికించి వదిలేసి ఉంటాం. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే బాక్సు వస్తే మనం వెతికేది ఆ బాక్సులోని మాటల్ని, అవేమో బొమ్మలో ఉన్నాయి. అందుకని ఎర్రర్ సందేశం ఏ భాషలో ఉంటే ఆ భాషలో, అక్షరం పొల్లుపోకుండా, టెక్స్ట్‌గా పేజీలో మొదటి వరుసలోనే పెట్టండి. బోలెడు సున్నాల చివర 7బి అని వచ్చే ఆ పాత ఎర్రర్ గేములు ఆడేవాళ్లందరికీ తెలుసు కదా, 32 బిట్ ప్రోగ్రాముకి 64 బిట్ డీఎల్‌ఎల్ ఫైలు తగిలినప్పుడు వచ్చేది. దాని మీద నా దగ్గర మూడు పేజీలున్నాయని ఈమధ్యే బయటపడింది. మూడుసార్లూ వెతికాను, దొరకలేదు, మళ్లీ మొదటినుంచి తవ్వి కొత్త పేజీ రాశాను. మూడింట్లోనూ ఆ నంబరు లేదు! ఇప్పుడు ప్రతి పేజీ అడుగున "వెతుకుడు మాటలు" అని ఒక వరుస పెడుతున్నాను, అందులో ఎర్రర్ నంబరు, ఇంగ్లిష్ పేరు, నేను తప్పుగా రాసే స్పెల్లింగులు, "లాప్‌టాప్, ల్యాప్‌టాప్" లాంటివి అన్నీ పడేస్తాను. చూడ్డానికి బాగోదు. పనిచేస్తుంది.

తెలుగు పేరు పెడితే పేజీ సేవ్ కావట్లేదు

"వైఫై" అని పేరు పెడితే సేవ్ అయింది, "పాత లాప్టాపులో వైఫై పనిచేయడం లేదు" అని పెడితే కాలేదు. సర్వర్ పాడైందనుకుని నేను ఓ పూటంతా పర్మిషన్లు మార్చుకుంటూ కూర్చున్నాను. అసలు సంగతి లెక్కలో ఉంది. డోకువికీ ప్రతి పేజీని ఒక టెక్స్ట్ ఫైలుగా దాస్తుంది. మీరేం మార్చకపోతే ఆ ఫైలు పేరులో తెలుగు అక్షరాలను శాతం గుర్తులతో కూడిన కోడ్‌గా మారుస్తుంది. ఒక్కో తెలుగు అక్షరం 3 బైట్లు, ఒక్కో బైటు కోడ్‌లో 3 గుర్తులు, వెరసి అక్షరానికి 9. ఇక్కడ అక్షరమంటే గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క, కాబట్టి "విండోస్" అంటేనే 7 అక్షరాలు, 63 గుర్తులు. పైన చెప్పిన పొడుగు పేరులో 29 అక్షరాలున్నాయి, ఖాళీల బదులు వచ్చే గీతలు, చివరి టీఎక్స్‌టీ కలుపుకుంటే 269. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్కడ ఆగిపోయింది.

సెట్టింగుల్లో ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్ అని ఒకటుంటుంది, దాన్ని యూటీఎఫ్-8 చేస్తే అక్షరానికి 3 బైట్లే పడతాయి. అయితే వికీ కొత్తగా మొదలుపెట్టేటప్పుడే ఆ పని చేయాలి. మధ్యలో మారిస్తే పాత ఫైళ్ల పేర్లు పాత పద్ధతిలోనే ఉండిపోతాయి, డోకువికీ వాటిని గుర్తుపట్టదు, తెలుగు పేర్లున్న పేజీలన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. కంగారు పడకుండా సెట్టింగు వెనక్కి మార్చేయండి, అన్నీ తిరిగొస్తాయి. నేనైతే చివరికి పేజీ పేరు పొట్టిగా ఇంగ్లిష్‌లో పెట్టి, పేజీలో మొదటి శీర్షిక తెలుగులో రాసి, లింకుల్లో పేజీ పేరు బదులు ఆ శీర్షికే చూపించే సెట్టింగు ఆన్ చేసుకున్నాను.

పేర్ల గొడవ ఇంకా అయిపోలేదు. గేముల పేర్లలో సగానికి మధ్యలో కోలన్ ఉంటుంది, డోకువికీకి కోలన్ అంటే ఫోల్డర్ లాంటిది. "ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద సాండ్స్ ఆఫ్ టైమ్" అని లింకు ఇచ్చారనుకోండి, ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే పేరుతో కొత్త విభాగం పుట్టి, పేజీ దాని లోపలికి పోయి కూర్చుంటుంది. విండోస్ అయితే ఫైలు పేరులో కోలన్‌ని, ప్రశ్నార్థకాన్ని, నక్షత్రాన్ని ఒప్పుకోనే ఒప్పుకోదు. కాన్, ఆక్స్, నల్ అనే పేర్లు డాస్ కాలం నుంచి దాని సొంతం, లినక్స్‌లో హాయిగా సేవ్ అయిన "ఆక్స్" అనే నోట్సు ఫైలు విండోస్‌లోకి రాకపోవచ్చు. వికీపీడియా నడిచే మీడియావికీలో హ్యాష్ గుర్తు పేరులో ఉండకూడదు కాబట్టి సీ పక్కన హ్యాష్ గుర్తుతో రాసే ప్రోగ్రామింగ్ భాష పేజీని "సీ షార్ప్" అని అక్షరాల్లోనే రాసుకోవాలి.

పాత మాక్ నుంచి ఫైళ్లు తెచ్చుకున్నవాళ్లకి ఒక్క మాట. "ఫైల్", "డ్రైవర్" లాంటి పేర్లున్న నోట్సే లింకు తెగిపోయి, మిగతావన్నీ బాగానే ఉన్నాయంటే అది ఐత్వం పని. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులుగా విడదీసీ రాయొచ్చు. మాక్‌లో పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కులు విడదీసి దాస్తాయి, లింకులో మనం రాసింది కలిపి ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. ఆ ఫైళ్ల పేర్లు చేత్తో మళ్లీ టైప్ చేస్తే చాలు.

నిన్న రాసింది ఇవాళ లేదు

టిడ్లీవికీ అయితే మీ రాత ఎక్కడికీ పోలేదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడండి. ఈ వికీ మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు, బ్రౌజరేమో తెరిచిన ఫైలు మీదే తిరిగి రాయడానికి ఒప్పుకోదు, సేవ్ నొక్కిన ప్రతిసారీ కొత్త కాపీ డౌన్‌లోడ్ చేస్తుంది. పక్కన 1, 2, 3 అంకెలతో వరుసగా ఉంటాయి, అన్నిటికంటే కొత్తది మీది. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో దీనికో యాడాన్ ఉండేది, 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్ పాత యాడాన్లన్నిటినీ తీసేసింది, అప్పటినుంచి చాలామంది ఇక్కడే తప్పిపోయారు. డౌన్‌లోడ్ చేసే ముందు ఎక్కడ పెట్టాలో అడగమని బ్రౌజర్‌లో సెట్ చేసుకుని పాత ఫైలు మీదే సేవ్ చేయండి, లేదా నోడ్ జేఎస్ అనే ప్రోగ్రాము మీద, చిన్న సర్వర్‌లా నడిచే వెర్షన్‌కి మారండి.

ఒకే నోట్సుకి రెండు ఫైళ్లు కనిపిస్తే సింక్ గొడవ. ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకేసారి మార్చారు. సింక్‌థింగ్ (మెషీన్ల మధ్య ఫైళ్లు సింక్ చేసే ప్రోగ్రాము) అయితే రెండో దాని పేరులో సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని తేదీతో సహా పెడుతుంది, ఆ మాట కోసం వెతికి, రెండూ పక్కపక్కన చూసి కలిపేయండి. అబ్సిడియన్‌లో ఏ ట్యాబులు తెరిచి ఉన్నాయో దాచుకునే వర్క్‌స్పేస్ ఫైలు ఊరికే కొట్టుకుంటూ ఉంటుంది, దాన్ని సింక్ నుంచి తప్పించండి.

పేజీలో ఉన్నట్టే చేశాను, పనిచేయలేదు

దొరకని పేజీ వల్ల టైమే పోతుంది. దొరికి, తప్పు చెప్పే పేజీ ఉన్నదాన్ని కూడా పాడు చేస్తుంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే, పేజీ మీద తేదీ ఉండదు, వెర్షన్ ఉండదు.

నా వికీలో ఒక పాత గేము పేజీ ఉండేది. "డిస్క్ పెట్టి ప్లే నొక్కాలి, రాకపోతే అడ్మిన్‌గా రన్ చేయాలి", అంతే, ఇంకేం లేదు. అది రాసినప్పుడు నిజమే. ఆ గేము డిస్కుకి సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉంది, అది పనిచేయాలంటే విండోస్‌లో ఒక డ్రైవరు ఉండాలి. 2015లో విండోస్ 10 ఆ డ్రైవరుని వదిలేసింది, అదే ఏడాది సెప్టెంబరులో భద్రతా లోపం ఉందని విస్టా, 7, 8లలో కూడా అప్‌డేట్‌తో ఆపేశారు. నేను విండోస్ 10 మెషీన్‌లో ఆ పేజీ చూసుకుంటూ డిస్కు తుడిచాను, ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూశాను, డిస్కు గీతలు పడిందేమోనని దాన్ని వెలుగులో పట్టుకుని చూశాను కూడా. ఏం చేయాలో రాసుకున్నాను గానీ అది ఎందువల్ల పనిచేస్తోందో రాసుకోలేదు. "దీనికి సేఫ్‌డిస్క్ ఉంది, విండోస్ 7లో నడిచింది" అని ఒక్క వాక్యం ఉంటే ఆ ఆదివారం మిగిలేది.

అందుకని ఇప్పుడు ప్రతి పరిష్కారం కింద రెండు సంగతులు రాస్తాను: చివరిసారి ఎప్పుడు, దేని మీద పనిచేసింది, ఎందుకు పనిచేసిందని నా నమ్మకం. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఈత మరీ నెమ్మదిగా సాగుతోందంటే సెకనుకి వచ్చే ఫ్రేములకి హద్దు పెట్టే ఫ్రేమ్ లిమిటర్ ఆన్ చేయాలి అనేది నా పాత నోట్సు. దాని పక్కన "ఫ్రేములు పెరిగేకొద్దీ గేములో కొన్ని లెక్కలు తప్పుతాయి" అని చేర్చాక, ఇంకో పాత గేములో కార్లు తిక్కతిక్కగా కదులుతున్నప్పుడు కూడా అదే పేజీ పనికొచ్చింది. కొత్త వెర్షన్ వచ్చినా కారణం రాసి ఉంటే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

పాతబడిన పేజీని చెరిపేయకండి. పైన "2020 తర్వాత చెల్లదు, ఇది పైథాన్ 2 కోసం" లాంటి ఒక వరుస చాలు. విండోస్ 10 పేజీలన్నిటికీ నేనిప్పుడు ఇదే పని చేస్తున్నాను, 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్టు అయిపోయింది కదా.

లింకులు చచ్చిపోయాయి, బొమ్మలు రావట్లేదు

బయటి లింకుని నమ్ముకుని "వివరాలు ఇక్కడ" అని రాసుకుంటే ఇంతే. సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్ 2009లో మూతపడింది, బొమ్మలు దాచుకునే ఫోటోబకెట్ 2017లో బయట సైట్లలో బొమ్మలు చూపించడానికి డబ్బులు అడగడంతో ఎన్నో పాత గైడ్లలో బొమ్మలు ఒక్కసారిగా మాయమయ్యాయి. ఉన్న లింకుని, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది. ఇకముందు మాత్రం లింకుతో పాటు అందులోంచి మీకు అక్కరకొచ్చిన నాలుగు వాక్యాలు మీ మాటల్లో పేజీలోనే రాసి, బొమ్మ ఉంటే దించుకుని మీ వికీలోనే పెట్టుకోండి.

పొద్దున్నే వికీ తెరిస్తే తెల్ల తెర

హోస్టింగ్‌వాళ్లు రాత్రికి రాత్రి, వికీ రాసిన ప్రోగ్రామింగ్ భాష అయిన పీహెచ్‌పీ వెర్షన్ మార్చి ఉంటారు. నాకు ఒక హోస్టింగ్‌లో అలాగే జరిగింది, మెయిల్ పంపామన్నారు, అది స్పామ్‌లో ఉంది. ఎర్రర్ లాగ్ తెరవండి, ఏ ప్లగిన్ పేరు ఉంటే దాని ఫోల్డర్ పేరు మార్చండి, చాలావరకు లేచి కూర్చుంటుంది. మీడియావికీని కొత్త వెర్షన్‌కి మార్చాక ఇలాంటిదేదైనా వస్తే మెయింటెనెన్స్ ఫోల్డర్‌లోని అప్‌డేట్ స్క్రిప్టు నడపడం మర్చిపోయారేమో చూడండి. ఇక బ్యాకప్, డోకువికీకి డేటా, కాన్ఫ్ ఫోల్డర్లు కాపీ చేస్తే దాదాపు అన్నీ వచ్చినట్టే, మీడియావికీకి డేటాబేస్ డంప్, బొమ్మల ఫోల్డరు, లోకల్ సెట్టింగ్స్ ఫైలు మూడూ కావాలి. తీసిన బ్యాకప్‌ని ఇంకో మెషీన్‌లో ఒకసారి తెరిచి చూడండి, నాది ఏడాదిన్నర పాటు సున్నా బైట్ల ఫైలు.

వికీ బాగానే ఉంది, రాయబుద్ధి కావట్లేదు

టెంప్లేటు పెట్టుకుని ఉంటారు. సమస్య, సిస్టమ్, గ్రాఫిక్స్ కార్డు, ట్యాగులు, రేటింగు అని పన్నెండు గడులు నింపాలంటే రాత్రి పదకొండింటికి ఎవరు కూర్చుంటారు? టెంప్లేటు తీసిపారేసి "చిత్తు" అని ఒక్క పేజీ పెట్టుకోండి, తేదీ వేసి రెండు ముక్కలు గీకేయండి, ఖాళీ దొరికినప్పుడు వాటిని సరైన పేజీలకి మార్చండి. కొన్ని ఎప్పటికీ మారవు, అయినా ఫర్వాలేదు, సెర్చ్‌కి చిత్తు కూడా పేజీయే. మా తమ్ముడి ప్రింటర్ సంగతి చివరికి దొరికింది అక్కడే: "ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది. పోర్టు మార్చాను, వచ్చింది. ఎందుకో తెలీదు."